తీరానికి పోసిన ఇసుక

కోడుమూరు దగ్గర కంది చేని గట్టున కూర్చుని ఒకామె కోస్తాలో ఉన్న భర్తతో ఫోన్లో మాట్లాడుతోంది. సముద్రం కోసేసిన తీరంలో ఇసుక నింపే పనికి ఆయన వెళ్లి ఏడాదయింది.

“తుపానుకు మీరు పోసిన ఇసుకంతా కొట్టుకపోయిందంట. టీవీలో చూసినా.”

“శానావరకు పోయింది.”

“అయితే మీ కష్టమంతా నీళ్లపాలే కదయ్యా.”

“కాదులే. అలలు ఆ ఇసుకను కోసుకుంటా ఆడనే అలిసిపోయినాయి. రోడ్డు దాకా రాలేదు. జాలరోళ్ల ఇండ్లు నిలిచినాయి. అది పోయేదానికే పోస్తాం.”

“మళ్ల పోయాలనా?”

“కొన్నేండ్లకొకసారి పోస్తానే ఉండాల. మన చేనికి చెరువుమట్టి తోలినట్లే.”

“తీరం నిండినాక వచ్చేస్తానంటివే.”

“అది ఒకసారికి అయ్యే పని కాదని నాకప్పుడు తెలీదు. ఈడనే ఉండమంటాండారు. నాకూ ఉండాలనే ఉండాది. నువ్వేమంటావోనని చెప్పలేదు.”

“పాప రోజూ అడుగుతాంది, నాయన ఎప్పుడొస్తాడని.”

“ఏం చెప్తాండావు?”

“ఇన్నాళ్లూ వస్తాడని చెప్పినా. ఈ పొద్దు మనమే పోదామని చెప్తా. కంది కోత కానీ. నువ్వు బడికి దగ్గర్లో ఇల్లు చూడు. సముద్రానికి మాత్రం కొంచెం దూరంగా చూడు.”