ఏ పచ్చ

నా పేరు మీరు పైన రాసుకున్నారు. అద్దకం ఫ్యాక్టరీలో అందరూ రంగుల తాత అంటారు. వయసు డెబ్బై ఒకటి. వాడిన నీళ్ళ తొట్టి దగ్గర రంగు చూసి చెప్పడం నా పని. నిన్న మీకు చెప్పింది అబద్ధం. ఈ రోజు ఎవరూ పిలవకుండా నేనే స్టేషనుకు వచ్చాను.

ఆ నీళ్ళలో ఆసిడ్ ఉంటుంది. సున్నం వేసి దాన్ని చంపాలి. గాజు గొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తాను. పసుపుపచ్చకు తిరిగితే ఆసిడ్ ఇంకా చావలేదని. ఆకుపచ్చకు తిరిగితే కాలవలోకి వదలొచ్చు. తూము తిప్పేది నా అల్లుడు. గోడకు అవతల ఉంటాడు, గొట్టం అతనికి కనబడదు. నేను కేక వేస్తే తిప్పుతాడు.

నిన్న ఉదయం పది దాటాక మందు వేసి చూసి, పచ్చ అని కేక వేశాను.

"ఏ పచ్చ మామా? ఆకా, పసుపా?" అన్నాడు.

"పచ్చంటే పచ్చేరా. నీకు పని నేర్పినోణ్ణి నేను. తిప్పు."

తిప్పాడు. కింద కాలవలో పూడిక తీసే మనిషి మోకాలి లోతున నిలబడి ఉన్నాడు. అతని అరుపు గోడ ఇవతలికి వినబడింది. పైకి లాగేసరికి కాళ్ళ మీద తోలు ఊడి ఉంది.

మీరు అడిగితే, నేను పసుపుపచ్చ అన్నాను, వాడే సగం విని తిప్పాడు అన్నాను. అల్లుడు పక్కనే ఉన్నాడు. నా ముఖం చూశాడు. అవునన్నాడు. అతన్ని తీసుకుపోయారు. నేను ఇంటికి పోయి అన్నం తిన్నాను. గొంతు దిగింది కూడా.

నిజానికి ఆ గొట్టంలో ఏ రంగు ఉందో నాకు తెలియదు. ఏడాదిగా నా కళ్ళకు ఆకూ పసుపూ ఒకటే. ఎండలో పెట్టినా ఒకటే. పచ్చ అంటే రెండూ వస్తాయి. తప్పయితే విన్నవాడి తప్పు. అలా నెట్టుకొచ్చాను. రోజూ సున్నం సరిపడా పడేది కాబట్టి సాగింది. నిన్న ఆసిడ్ డ్రమ్ములు కడిగిన నీళ్ళు కూడా తొట్టిలో పోశారు.

ల్యాబు పిల్ల రంగు కొలిచే మిషను తెచ్చి పెట్టింది. ఇందులో గొట్టం పెడితే అంకె వస్తుంది, కళ్ళకు శ్రమ ఉండదు తాతా అంది. ఆ మిషను పుట్టకముందు నుంచీ నాకు కళ్ళున్నాయమ్మా అని అందరి ముందూ నవ్వించాను. దాని మీద నా తడి తువ్వాలు ఆరేసేవాణ్ణి.

ఈ ఉదయం నా కూతురు, ఆయన నిజంగా సగమే విన్నాడా అని అడిగింది. నేను తువ్వాలు భుజాన వేసుకున్నాను.

"ఆయన చెవులు బాగానే ఉన్నాయి నాన్నా" అంది.

నా అల్లుడు సరిగానే విన్నాడు. సరిగానే అడిగాడు. నిన్నటి కాగితంలో పసుపుపచ్చ అని ఉన్నచోట పసుపు కొట్టేయండి. ఈ కాగితం అతనికి చదివి వినిపించండి. చదివేటప్పుడు నన్ను ఆ గదిలో ఉంచవద్దు.

ఇదంతా నా నోటితో నేను చెప్పిందే. ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. చదివి వినిపించారు, చెప్పినట్టే ఉంది. నాకు సంతకం వచ్చు. చేయాల్సిన గీత కనబడక వేలిముద్ర వేస్తున్నాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)