నీలం టేపు చుట్టిన యాంటెన్నా

లైప్‌సిగ్‌లో ఓ పాత మేడ. రెండో అంతస్తు వంటింట్లో ఆదివారం సాయంత్రం ఫోల్క్‌మార్, అతని భార్య గెజీనె.

"అయితే తేలిందన్నమాట."

"తేలింది గెజీనె. ఇంట్లో నెట్ లేకుండా రెండు నెలలు పట్టింది, ఒప్పుకుంటాను. కానీ తేలింది."

"ఏ రౌటరు?"

"చెప్తా, తొందరపడకు. ముందు ఎందుకో చెప్పాలిగా."

"ఎందుకో నాకు తెలుసు ఫోల్క్‌మార్. మనం చదవలేని కోడు మనింట్లో నడవకూడదు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఏ రౌటరు?"

"కొత్తవన్నీ చూశాను. ఎవరైనా విప్పి చదవగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అన్నిట్లోనూ ఎక్కుతుంది. తీరా వైఫై చిప్ దగ్గరికొచ్చేసరికి, కంపెనీవాడు తాళం వేసిన కోడు ముక్క ఒకటి. అది లేందే రేడియో పలకదు. ఎంత చిన్నదైనా..."

"కుండెడు పాలల్లో విషపు చుక్క."

"అదే. మా క్లబ్బులో హార్ట్‌మూట్ కూడా అదే అన్నాడు."

"హార్ట్‌మూట్ ఇంట్లో నెట్ ఉందా?"

"లేదు. వాడూ వెతుకుతున్నాడు."

"నెట్ కంపెనీవాళ్ళు పంపిన రౌటరు డబ్బా కింద సెల్లార్లో పడి ఉంది. నా దగ్గర జర్మన్ నేర్చుకుంటున్న నర్సులకి గురువారం పరీక్ష. అందులో పాసవకపోతే ఆ పిల్లల్ని ఆసుపత్రిలో చేర్చుకోరు. ఈ నాలుగు రోజులూ ఆ డబ్బా..."

"అది మన గడప తొక్కకూడదని ఇద్దరం అనుకున్నాం."

"నువ్వు అనుకున్నావు. నేనప్పుడు బ్రెడ్డు కోస్తున్నాను."

"ఫోన్లో చెప్పరాదూ పాఠం?"

"పన్నెండుమంది మొహాలు అంత చిన్న తెరలోనా? ఎవరి నోరు ఎలా తిరుగుతోందో చూడొద్దూ? సరే, నీ రౌటరు సంగతి చెప్పు."

"పాతది. బూడిదరంగు, రెండు యాంటెన్నాలు. దాని లోపల దాపరికం లేదు, కోడు మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదువుకోవచ్చు. కాకపోతే ఇప్పుడెవరూ తయారు చెయ్యట్లేదు."

"బూడిదరంగు. రెండు యాంటెన్నాలు."

"ఊఁ."

"ఒకదాన్ని విప్పబోయి విరగ్గొట్టి, నీలం టేపు చుట్టావు. అలాంటిదేనా?"

"...అదే మోడల్."

"అంటే మన దగ్గరున్నదే."

"ఉన్నదే. నెమ్మదిగా ఉందని..."

"నెమ్మదిగా ఉందని కొత్తది కొన్నావు. కొత్తదాంట్లో తాళం ముక్క ఉందని తిరిగిచ్చేశావు. ఈలోపల పాతదాన్ని 'ఊరికే తీసుకెళ్ళండి' అని రాసిన అట్టపెట్టెలో వేసి వీధి గుమ్మం ముందు పెట్టావు. జున్ను కరిగించే గిన్నె, ఒంటి స్కేటు, అది."

"ఆ పెట్టె గంటలో ఖాళీ అయింది."

"స్కేటు మిగిలింది."

"ఎవడో పట్టుకుపోయి మళ్ళీ కంపెనీ సాఫ్ట్‌వేరే ఎక్కించి ఉంటాడు. నేనెంత శ్రద్ధగా... నువ్వెక్కడికి?"

"ఆరవుతోంది. పాఠానికి. లైబ్రరీకి."

"సరే వెళ్ళిరా. ఆగు. ఇవాళ ఆదివారం."

"అవును."

"ఆదివారం పూట లైబ్రరీ ఎవరు తెరిచారు?"

"ఎవరూ తెరవలేదు."

"మరి ఇన్నాళ్ళూ..."

"పైకి. పెట్సోల్డ్ గారింటికి."

"పైకా? ఆవిడ డబ్బాలో ఏం నడుస్తోందో అడిగావా?"

"అడగలేదు. చూశాను."

"చూస్తే కనిపిస్తుందా? ఎనభై ఏళ్ళావిడ, ఎవరేది చేతిలో పెడితే అది గోడకి తగిలించుకునే మనిషి. పన్నెండుమంది ఆడపిల్లల మొహాలు, మాటలు ఆ మూసిన డబ్బాలోంచి పోతున్నాయి. అదీ నా భార్య చేతుల మీదుగా."

"ప్లమ్ పళ్ళ కేకు కూడా పెడుతుంది. పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోతుంది."

"నేనూ వస్తాను. ఆ డబ్బా చూడాలి."

"చూడక్కర్లేదు. బూడిదరంగు."

"బూడిదరంగువి వెయ్యి ఉంటాయి."

"ఒక యాంటెన్నాకి నీలం టేపు."

"నా టేపు!"

"కూర్చో. నీళ్ళు తాగు."

"దాంట్లో నేనెక్కించిందేనా?"

"నువ్వెక్కించిందే. ఆవిడకి మార్చడం రాదుగా. తీగ తగిలించిందట, పలికిందట. అప్పట్నుంచి ఒక్కసారీ ఆగలేదు."

"అడుగుదాం గెజీనె. మంచి మనిషి, ఇచ్చేస్తుంది. బదులుగా మన సెల్లార్లో కంపెనీ డబ్బా ఉందిగా, అది ఇద్దాం."

"ఆ మూసిన డబ్బా?"

"ఆవిడకేం తెలుస్తుంది చెప్పు."

"మొదటిరోజే ఆవిడ దాన్ని తీసుకెళ్ళమంది, ఫోల్క్‌మార్. నేనే వద్దన్నాను. అక్కడైతే దాన్నెవరూ విప్పరు."