గింజ ముదరకముందే

గడ్డినేల దున్నేసిన రోజు సాయంత్రం, నర్సరీ షెడ్డులో చెల్లెలు విత్తనాల కోసం కుట్టిపెట్టుకున్న సంచులను ఖాళీగానే మడతపెడుతోంది. దున్నిన ట్రాక్టరు డ్రైవరు ఆమె అన్నే. అతను గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"ఒక్క వారం ఆగమన్నాను కదన్నయ్యా. గింజ ఇప్పుడే పాలుపోసుకుంటోంది. ముదిరాక ఏరుకుని ఇంకోచోట చల్లేదాన్ని."

"అటవీశాఖ కాగితంలో బీడని రాశారు చెల్లీ. చెట్లు నాటడం మంచిదే కదా అనుకున్నాను."

"అక్కడ ఎప్పుడూ చెట్లు లేవు. నీడ పడితే ఆ గడ్డి బతకదు. గడ్డి పోతే నేలమీద గుడ్లు పెట్టే పిట్టలు ఎక్కడికి పోతాయి?"

"ఆ మాట ఆఫీసరుకి చెప్పాల్సింది."

"మూడుసార్లు చెప్పాను. గడ్డి కోసం ఇంత గోలేంటమ్మా, నువ్వేమైనా మేస్తావా అని నవ్వాడు."

అన్న నవ్వలేదు.

"ఇంకో ఊరి నుంచి విత్తనం తెచ్చుకోలేమా?"

"ఆ గడ్డి ఇంకెక్కడా మిగల్లేదు."

"గట్టు పక్కన గూడు కనపడితే, చుట్టూ మంచమంత జాగా దున్నకుండా వదిలేశాను. తల్లిపిట్ట మాత్రం తిరిగి రాలేదు."

"రేపు అక్కడ కూడా గుంటలు తవ్వుతారన్నయ్యా."

ఆ గుంటల్లో నాటాల్సిన రెండువేల మొక్కలకు సాయంత్రం నీళ్లు పట్టే పని ఆమెదే. ఆమె ఇంకా పట్టలేదు.