ఇంజను లేని విమానంలో నేను

మా మేనకోడలికి గ్లైడరు నడపడం నేర్పే చోట సీటొచ్చింది. దానికి ఇంజను ఉండదు, గాలి మీదే తేలాలి. ఆ ముక్క వినగానే మా అక్క ససేమిరా అంది. పొద్దున్నే వెళ్లి చేరకపోతే సీటు ఇంకొకళ్లకి పోతుందట. పిల్ల మొహం చిన్నబుచ్చుకుని వరండా మెట్ల మీద కూర్చుంది. బావ ఎటూ చెప్పలేక పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఇక నేను ఊరుకుంటానా, కుర్చీ ముందుకి లాక్కున్నాను.

"అక్కా, కుర్రతనంలో నేనూ నేర్చుకున్నానే ఇది. నువ్వు కంగారు పడతావని చెప్పలేదు. మొదట్లో ఏముంది, రెక్క కొస పట్టుకుని అది ఒరిగిపోకుండా పక్కనే పరిగెత్తడమే. నా పరుగు చూసి మాస్టారు, నువ్వు కింద ఉండాల్సిన మనిషివి కాదయ్యా, ఎక్కు అన్నారు. మైదానం అవతల పెద్ద చక్రం, దానికో పొడుగాటి తాడు. ఆ కొస మనకి తగిలించి అట్నుంచి చుట్టేస్తుంటే గాలిపటంలా లేచిపోతాం. లేచాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పడ్డావు," అన్నాడు పక్కింటి టైలరు, గోడ మీద మోచేతులు ఆనించి.

"పడటమా? వేడిగాలి దొరికింది. అందులో గిరగిరా తిరిగితే మెట్లెక్కినట్టు పైకి పోతాం. నాతోపాటు తిరుగుతున్న గద్ద ఆయాసపడి నా రెక్క మీద వాలింది. దాన్ని మోసుకుంటూనే మబ్బులోకి దూరి, చెయ్యి బయటపెట్టి చల్లగా మొహం కడుక్కున్నాను. వెనక సీట్లో మాస్టారు గురక. మబ్బు దాటాక సముద్రం. ఎదురుగా పెద్ద విమానం వస్తోంది, నన్ను చూసి పక్కకి తప్పుకుంది, కిటికీల్లోంచి జనం చేతులూపితే నేనూ ఊపాను, మర్యాద కదా. అవతలి ఒడ్డు ఓ చుట్టు చుట్టి..."

"మామయ్యా, తాడెప్పుడు వదిలావు?" అంది మేనకోడలు.

"ఏ తాడే?"

"నిన్ను పైకి లాగింది. పైకెళ్లగానే పసుపు పిడి లాగి వదిలెయ్యాలిగా. నువ్వు లాగనే లేదు."

అయితే సముద్రం దాకా తాడు ఈడ్చుకుపోయావన్నమాట అన్నాడు టైలరు. పేపరు వెనక బావ భుజాలు ఊగుతున్నాయి. ఆ రోజుల్లో తాళ్లు పొడుగ్గా ఉండేవని చెప్పబోయాను గానీ, అక్క నా వైపు చూడటం లేదు.

"ఆ పిడి కదలకుండా పట్టేస్తేనో?" అని పిల్లని అడిగింది.

చక్రం దాటి ముందుకెళ్తే గ్లైడరు కొక్కెంలోంచి తాడు దానంతటదే ఊడుతుందనీ, అదీ కాకపోతే దాన్ని తెంచడానికి కింద చక్రం దగ్గర కత్తి సిద్ధంగా ఉంటుందనీ పిల్ల నింపాదిగా చెప్పింది. అక్క ఇంకేవో అడిగింది. దేనికీ పిల్ల తడుముకోలేదు.

"వీడు చెప్తుంటే ప్రాణం పోయింది. నువ్వు చెప్తే తిరిగొచ్చింది," అంది అక్క. "బట్టలు సర్దుకో. పొద్దున్నే నేనే దింపుతాను."

చూశారా మరి, ఇంట్లో ఎవరి మాటా వినని మనిషిని నేను కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా ఒప్పించాను.