లోపలి గడియ

బడిలో ఆటసామాన్ల గది. తలుపుకు లోపలినుంచి గడియ. బయట హెడ్మాస్టరు, ఆయమ్మ.

"కొట్టకండి సార్, మీకు దండం పెడతాను. తలుపు మాత్రం కొట్టకండి."

"ఇంకెంతసేపు ఆయమ్మా? వీధిలో లారీ టైరు పేలితే ఈ పిల్ల క్లాసులోంచి పరుగెత్తుకొచ్చి గడియ పెట్టుకోవడమా! దీన్ని వెతుక్కుంటూ లెక్కల టీచరు ఎటు పోయారో, క్లాసు చూస్తే సంతలా ఉంది. అసలు ఈ గది తాళంచెవి దానికెవరిచ్చారు?"

"నేనే సార్."

"నువ్వా!"

"వాళ్ళింట్లో సిలిండరు పేలింది కదా సార్. తలుపు బద్దలుకొట్టి పిల్లని లాగారు. తల్లిని లాగేలోపే... అప్పట్నించీ పెద్ద చప్పుడైతే దానికి ఒళ్ళు తెలీదు. పట్టుకున్నవాళ్ళని కొరికేసేది. అలా అనిపిస్తే ఇక్కడికొచ్చి గోడకానుకో, అరికాళ్ళు నేలకి గట్టిగా నొక్కు, బండలు లెక్కపెట్టు, అని నేనే నేర్పాను. నెలయింది సార్, ఎవర్నీ కొరకలేదు."

"కొరకలేదని శాలువా కప్పమంటావా? ఈ పిల్ల ఉంటే పాఠం చెప్పలేనని లెక్కల టీచరు రాసిచ్చారు. కాయితం నా జేబులోనే ఉంది. సాయంత్రం వాళ్ళ పిన్నిని పిలిచి టీసీ చేతిలో పెట్టేస్తాను. ముందు తలుపు తెరిపించు."

"ఈ బడి కూడా పోతే దానికింకేం మిగల్దు సార్."

"తెరిపించమన్నానా!"

"పిచ్చుకా... ఏమే పిచ్చుకా, నేనే, ఆయమ్మని."

"ష్. మెల్లగా ఆయమ్మా."

"ఊపిరాడుతోందా తల్లీ?"

"నాకు ఆడుతోంది."

"బండలెన్నయ్యాయి?"

"తొంభై రెండు. కాదు కాదు, ఉండు. తప్పిపోయింది, మళ్ళీ మొదట్నించి."

"హెడ్మాస్టరు గారొచ్చారమ్మా. గడియ తియ్యి."

"ఇప్పుడు కాదు."

"ఇప్పుడు కాక ఇంకెప్పుడు? ఇదిగో, పది లెక్కపెడతాను. తియ్యలేదో, వడ్రంగిని పిలిచి సుత్తితో..."

"పది చాలదు సార్. పదికి వణుకు తగ్గదు."

"నాకే లెక్కలు చెబుతున్నావా! ఒకటి... రెండు..."

"ఆగండి సార్, ఒక్క నిమిషం. పిచ్చుకా, నిన్నెవరూ ఏమీ అనరే. నేనున్నాగా. ఎందుకు తియ్యవో అది చెప్పు."

"చెప్పొద్దన్నారు."

"ఎవరే?"

"చెప్పొద్దన్నవాళ్ళే."

"లోపల ఇంకెవరున్నారు? ఏయ్, నిన్నే! ఇంకో పిల్లని కూడా లాక్కుపోయావా? ఆయమ్మా, వడ్రంగిని కేకెయ్!"

"వద్దు ఆయమ్మా, పిలవకు! సుత్తి చప్పుడైతే మళ్ళీ మొదటికొస్తుంది. ఏడుపు ఇప్పుడే ఆగింది. నీళ్ళు కూడా తాగారు, రెండు గుక్కలు."

"తాగారా? ఎవరే తాగింది?"

"నన్నడక్కు ఆయమ్మా, ఒట్టు పెట్టాను. పిల్లలు చూస్తే చిన్నతనమని గడియ మాత్రం నేనే పెట్టాను."

"ఇక లాభం లేదు. నువ్వు పిలవకపోతే నేనే పిలుస్తాను. ఎవరక్కడ? ఆ వడ్రంగిని సుత్తి తీసుకుని..."

"సార్."

"ఎవరది?"

"నేనే సార్, లెక్కల టీచర్ని. సుత్తి వద్దు. టైరు చప్పుడుకి పరుగెత్తింది ఇది కాదు, నేను. ఇది నా వెనకాల వచ్చి ఈ గదిలోకి తీసుకొచ్చింది. కాసేపు ఆగండి సార్... ఇప్పుడిది చెయ్యి వదిలితే నేను లేవలేను."