పంచినోళ్లు కడాన

బెళుగుప్ప బస్టాండు టీ అంగట్లో టీవీ అరుస్తోంది. కింద బెంచీ మీద తలలు నెరిసిన ఇద్దరు చిన్ననాటి స్నేహితులు. ఇప్పుడు చెరో పార్టీ.

"మన ఎలిజబెత్తు పేరు హైకోర్టు జడ్జి పదవికి పంపితే మీ పార్టీవోళ్లకు యాలప్పా కడుపుమంట?"

"ఆ యమ్మ మీవోళ్ల కేసులు వాదించింది. రేపు తీర్పు ఎవరి పక్క చెప్తాది?"

"నువ్వూ అంటాండావా ఆ మాట? పరిగె చెనిక్కాయలు మర్సిపోయినావా?"

"యాడ మర్సిపోతా. చెట్లు పీకినాక చేన్లో మిగిలిన కాయలు ముగ్గురం ఏరి, ఆ యమ్మి పావడలో పోస్తాంటిమి."

"పంచేది ఎవరు?"

"ఆ యమ్మే. మూడు కుప్పలు పెట్టి, ముందు మనల్ని తీసుకోమనేది."

"తను?"

"పంచినోళ్లు కడాన తీసుకోవల్ల అనేది. మిగిలిందే తనది."

"ఎప్పుడన్నా నీ కుప్ప తగ్గిందా?"

"లేదప్పా."

"ఇదిగో, టీ వచ్చింది. బై టూ. రెండు గ్లాసుల్లో సగం సగం పొయ్యి."

"పోసినా. ముందు నువ్వు తీసుకో."

"యాల?"

"పంచింది నేను కదా."