ఏటి మధ్య బేరం

ఇది వంతెన కొట్టుకుపోయిన వరద ఏడాది సంగతి. ఆ వరదకి రేవులో ఇసుక మోసే నా పడవ ఒక్కటే మిగిలింది. మళ్ళీ వంతెన కట్టేదాకా జనాన్ని ఏరు దాటించమని సర్కారు ఆఫీసువాళ్ళు నాకు నెలజీతం మాట్లాడారు. ఎక్కినవాళ్ళ దగ్గర పైసా తీసుకోకూడదన్నారు. ఒక మధ్యాహ్నం అవతలి ఒడ్డు నుంచి ఖాళీగా తిరిగి వస్తున్నాం. పడవలో నేను, నా భార్య తమ్ముడు, అతను అమ్మే బలం పొడి డబ్బాల సంచి.

"అలా అనకు బావా. ఎంతైనా నీ బావమరిదిని."

"రేపట్నించి వద్దు."

"ఏది వద్దు? పడవెక్కడం వద్దా, నోరు తెరవడం వద్దా?"

"అమ్మడం."

"అమ్మడం అనకు. మేం అమ్మం. అవకాశం ఇస్తాం. కంపెనీ మీటింగులో మా సారు మొదటి రోజే చెప్పాడు, అమ్ముతున్నాను అనుకున్నవాడు జన్మలో పైకి రాడని."

"ఊఁ."

"ఊఁ అంటే?"

"ఇవ్వొద్దు."

"ఏంటి ఇవ్వొద్దు?"

"అవకాశం."

"నీతో మాట్లాడేకంటే ఆ తెడ్డుతో మాట్లాడ్డం నయం. అదైనా చప్పుడు చేస్తుంది. బెల్లం కొట్టిన రాయివి బావా నువ్వు. మా అక్క ఇన్నేళ్ళు నీతో ఎలా కాపురం చేసిందో ఏమో!"

"తను మాట్లాడుతుంది. ఇద్దరికీ సరిపోతుంది."

"అదిగో! జోకేశావు. కోపం పోయినట్టేగా?"

"లేదు."

"సరే, ఉండనీ. కోపం పక్కన పెట్టుకునే ఒక్క మాట విను. తెడ్డు వేస్తూనే విను. ఎలాగూ లేచి పోలేవుగా. అదే బావా, అదే ఈ పడవ గొప్పతనం!"

"ఏంటి?"

"ఊళ్ళో ఒక మనిషిని నిలబెట్టి నాలుగు ముక్కలు చెప్పాలంటే ఎంత తిప్పలో నీకేం తెలుసు? నన్ను చూడగానే ఒకడికి చెప్పు తెగుతుంది. ఒకావిడకి పొయ్యి మీద పాలు పొంగుతాయి. ఇంకొకడిని ఎక్కడ్నించో ఎవరో పిలుస్తారు, నాకు మాత్రం ఆ పిలుపు వినపడదు. మా పెద్దొదిన ఇంటికెళ్తే లోపల్నించే 'ఇంట్లో ఎవరూ లేరు' అంది. గొంతు ఆవిడదే! 'మరి నువ్వెవరొదినా?' అన్నాను. 'నేనూ లేను' అంది."

"ఊఁ."

"అక్కడ నవ్వాలి బావా. పడవలో అందరూ నవ్వుతారు."

"కొన్నదా?"

"తలుపే తియ్యలేదు, కొనడమా! అదే నీ పడవలో అయితే? అవతలి ఒడ్డు వచ్చేదాకా ఎవడూ కదలడు. ఏటి మధ్యలో ఎవడు లేచి పోతాడు చెప్పు? మా సారు అంత డబ్బు పోసి హాలు తీసుకుంటాడు, తలుపుల దగ్గర మనుషుల్ని కాపలా పెడతాడు, అయినా సగం మంది జారుకుంటారు. నీకు అసలు తలుపే లేదు!"

"అందుకే వద్దంటున్నా."

"మళ్ళీ మొదటికొచ్చావు."

"నీళ్ళొస్తున్నాయి. తోడు."

"అయ్యో, సంచి! సంచి తడిసింది. దేంతో తోడను?"

"చేతుల్తో."

"ఖాళీ డబ్బా ఏదీ లేదా?"

"లేదు. ఆ పొడిలో ఏముంటుంది?"

"శక్తి."

"శక్తి సరే. ఏముంటుంది?"

"అన్నీ ఉంటాయి బావా. మీద చిన్న అక్షరాల్లో రాశారు. నీరసం పోతుంది, నిద్ర పడుతుంది, మోకాళ్ళు..."

"తిన్నావా?"

"నేనా? తిన్నాను. తిన్నాను ఒకసారి. ఆ రోజు కడుపులో తిప్పింది, అయితే ఆ రోజు వేరే ఏదో కూడా తిన్నాలే. దాని వల్ల కాదు. మా సారు రోజూ తింటాడు. కారు కొన్నాడు."

"చూశావా?"

"కారునా? ఫొటో చూశా. సారు, కారు, వెనకాల ఇల్లు. అన్నీ ఒకే ఫొటోలో. ఏంటలా చూస్తావు? అన్నీ ఒక్క ఫొటోలో పట్టకూడదా? అది కాదు గానీ, రెండు నెలలుగా లేని కోపం ఈ రోజే ఎందుకొచ్చింది నీకు? ఇన్నాళ్ళూ ఒక్క మాట అన్లేదుగా!"

"మీ అక్క చెప్పింది. అందుకే ఊరుకున్నా."

"ఏం చెప్పింది?"

"నీ భార్య సంగతి."

"చెప్పేసిందా! దాని నోట్లో నువ్వుగింజ నానదు."

"వెళ్ళిపోయిందటగా."

"వెళ్ళిపోలేదు. వెళ్ళింది. పుట్టింటికి ఊరికే వెళ్ళింది, నాలుగు రోజులుండి వద్దామని."

"వరదకి ముందేగా?"

"ముందే. ముందేలే. వంతెన మీద నడిచి వెళ్ళింది. తిరిగి రావాలంటే ఇప్పుడు వంతెన లేదుగా."

"పడవుంది."

"ఉందిలే."

"ఉచితం కూడా."

"ఆపుతావా బావా! మాట్లాడవు మాట్లాడవు, మాట్లాడితే ఇలా పొడుస్తావు. అది వెళ్ళేటప్పుడు ఏమందో అక్క నీకు చెప్పిందా? చెప్పి ఉండదు. 'నీ మూలంగా నన్ను చూసి కూడా తలుపులు వేసుకుంటున్నారు, వీధిలో నాతో మాట్లాడే మనిషి లేదు. ఆ సంచి అన్నా వదిలెయ్, లేదా అది కూడు పెడుతుందని చూపించన్నా చూపించు, అప్పుడొస్తా' అంది. ఎలా వదలను? ఇంత దూరం వచ్చాక ఎలా వదలను చెప్పు? నా కింద ఇరవై మంది చేరితే గోల్డు హోదా. గోల్డు వస్తే కూర్చున్న చోటికి నెలనెలా డబ్బు. స్టేజీ ఎక్కించి కోటు తొడుగుతారు. ఆ ఫొటో పట్టుకెళ్ళి అత్తగారింటి గుమ్మంలో నిలబడతా."

"తలుపు తీస్తారా?"

"తీస్తారు! ఎందుకు తియ్యరు? కోటు చూశాక కూడానా? తీస్తారు బావా. తీస్తారు."

"ఊఁ."

"ఇంక ముగ్గురు. ముగ్గురే! ఆ ముగ్గురిలో ఒకడివి నువ్వే అయిపోరాదూ?"

"నీ కింద నేనా?"

"కాగితం మీదే బావా! ఇంట్లో నువ్వే పైన. సరే, వద్దులే. నువ్వు చేరకపోయినా నాకు నువ్వే దిక్కు. ఎండాకాలమంతా ఇల్లిల్లూ తిరిగి, కుక్కలతో కరిపించుకుంటే ఇద్దరు చేరారు. మిగతావాళ్ళంతా ఈ పడవలోనే చేరారు. ఎలా చేరారనుకుంటున్నావు?"

"నీ వాగుడుకి."

"కాదు, నీ నోటికి."

"నేనేం అన్లేదే."

"అదే! నువ్వేం అనవు. అదే నా పెట్టుబడి. నేను వాగుతూనే ఉంటా, వాళ్ళు నీ మొహం వంక చూస్తారు. నువ్వు కాదనవు. మౌనం అర్ధాంగీకారం అన్నారు. ఇన్నేళ్ళు ఇసుక పడవ నడిపి ఎవరి చేతా ఒక్క మాట పడనివాడు పక్కనే కూర్చుని ఊరుకున్నాడంటే, సరుకు మంచిదనేగా అర్థం?"

"అలా అనుకోవడం లేదు వాళ్ళు."

"నీకెలా తెలుసు? అడిగావా?"

"చూస్తున్నా."

"ఏం చూస్తున్నావు?"

"ఎక్కేటప్పుడు డబ్బా నాకు చూపిస్తున్నారు."

"చూశావా! చూశావా మరి! దాన్నే అభిమానం అంటారు. ఆ బడి పంతులమ్మ సంచిలో పుస్తకాల పైన పెట్టుకుంటోంది, అందరికీ కనపడేలా. చెప్పులు కుట్టే అతను చంకలో పెట్టుకునే తిరుగుతున్నాడు. డబ్బు పోసినా దొరుకుతుందా బావా అలాంటి ప్రచారం?"

"మూత తియ్యలేదు."

"ఎవరు?"

"చెప్పులతను. కొన్నప్పటి నుంచి అదే డబ్బా. సీలు అలాగే ఉంది."

"పొదుపుగా వాడుకుంటున్నాడేమో."

"సీలు తియ్యకుండానా?"

"ఏమో, మంచి రోజు చూసి మొదలుపెడతాడేమో!"

"పంతులమ్మదీ అంతే. నీళ్ళు తోడుకోవడానికి ఖాళీ డబ్బా ఒకటివ్వమని అందర్నీ అడిగా. ఒక్కరి దగ్గరా లేదు."

"ఒక్కరి దగ్గరా లేదా?"

"లేదు."

"పాలలో కలుపుకోవాలి బావా అది. వరదకి పాలు సరిగ్గా రావట్లేదుగా. అదీ కారణం. పాలు వస్తే చూడు."

"ఇటుకల బట్టీ ముసలామె తెలుసుగా?"

"తెలుసు. గట్టి పిండం. నాలుగుసార్లు చెప్పా, లొంగలేదు."

"మొన్న రేవులో నిలబడిపోయింది. ఎక్కమన్నా. ఎక్కలేదు. 'ఈ నెల చేతిలో డబ్బు లేదయ్యా, కూలి రాగానే తీసుకుంటా' అంది. ఏంటి తీసుకునేది అన్నా. నీ సంచి వైపు చూపించింది."

"నా సంచా?"

"పడవకి టిక్కెట్టు అనుకుంటున్నారు."

"ఏది?"

"నీ డబ్బా."

"ఛ! ఛ, ఏం మాటలు బావా! ఒట్టు. ఎవరి మీద వెయ్యమంటే వాళ్ళ మీద ఒట్టు. కొంటేనే ఎక్కాలని ఒక్కసారన్నా అన్నానా నేను?"

"అన్లేదు."

"మరి?"

"పడవ నాది. నువ్వు నా బావమరిదివి. నేను ఊరుకున్నా. వాళ్ళకి అది చాలు."

"ఉచితం అని ఆఫీసువాళ్ళు రేవులో అంత బోర్డు పెట్టారుగా! పంతులమ్మకి చదువు రాదా?"

"నువ్వు రోజూ ఏమని మొదలుపెడతావు?"

"దేన్ని?"

"నీ మాటలు. తాడు విప్పగానే."

"'ఈ లోకంలో ఏదీ ఊరికే రాదు' అని. అది... అది నేర్పిన మాట బావా. మీటింగులో నేర్పారు. అందరం అలాగే మొదలుపెడతాం."

"ఊఁ."

"నేను ఆ ఉద్దేశంతో అన్లేదు."

"తెలుసు."

"ఆ ముసలామె ఏమైంది?"

"నడిచి వెళ్ళింది."

"ఎక్కణ్ణించి? దారేది?"

"ఎగువన రైలు వంతెన."

"పట్టాల మీదా? పక్కన చెయ్యి పట్టుకోవడానికి కూడా ఏమీ ఉండదక్కడ! బండి వస్తే?"

"ఆమె ఒక్కతే కాదు. రేవులో జనం తగ్గారనుకున్నా. ఆ వంతెన మీంచి పోతున్నారు."

"బావా, తెడ్డు ఆపకు. వాలుకి కొట్టుకుపోతోంది పడవ."

"పోనీ."

"పోనీ ఏంటి! తెడ్డు వెయ్యి. నాకు ఈత రాదు."

"ఊఁ."

"అందరూ అలా కొనలేదు బావా. అందరూ అలా ఉండరు. ఒక్కరన్నా ఇష్టపడి కొనరా? ఇంతమందిలో ఒక్కరన్నా ఉండాలి కదా? ఉండు, ఉన్నారు! నిన్న సాయంత్రం! గోడలకి రంగులేసే అతని భార్య, నెలలు నిండిన పిల్ల. ఆ పిల్లకి నేనేం చెప్పలేదు. నోరే తెరవలేదు. తనంతట తనే దగ్గరికొచ్చి అడిగింది. అదీ ఒకటి కాదు, రెండు! భయపడి కొనేవాళ్ళు ఒకటి కొంటారు. రెండు ఎవరన్నా కొంటారా? చెప్పు. ఇప్పుడు చెప్పు నాకు."

"నేనూ అడిగా."

"ఎవర్ని?"

"ఆ అమ్మాయినే. ఒడ్డు దిగాక. రెండెందుకమ్మా అని."

"ఏమంది? బిడ్డకి బలం అంది కదా? నమ్మకం అంది కదా? చెప్పు బావా, ఏమంది?"

"'కాన్పుకి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఒకటి చాలు తాతా. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరం వస్తాం కదా' అంది."

మర్నాడు పొద్దున బావమరిది రాలేదు. రేవులో జనం చేరాక, పడవ ఎక్కడానికి ఏ డబ్బా అక్కర్లేదని అందరికీ వినపడేలా చెప్పాను. అందరూ తలలూపారు. ఎక్కేటప్పుడు మాత్రం ఒక్కొక్కరూ డబ్బా చూపించే ఎక్కారు. వాళ్ళని అవతల దింపి వచ్చి, పడవ కట్టేసి, గట్టు వెంట రైలు వంతెన దాకా నడిచాను. పట్టాల మీద వెళ్తున్నవాళ్ళని చెయ్యి పట్టుకుని ఒక్కొక్కరినే కిందికి దింపి పడవ దాకా తీసుకొచ్చాను.